కెమెరా బ్యాగు ఎలా ఎంచుకోవాలి: పాత దినపత్రిక, వంటింటి తూకం, గంటసేపు నడక

కెమెరా బ్యాగు కొనదలచినవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న "ఎన్ని లీటర్లది తీసుకోవాలి?" అన్నది. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. కానన్ ఆర్50 కెమెరా బ్యాటరీ, కార్డులతో కలిపి 375 గ్రాములు తూగుతుంది; దాని 18-45 మిల్లీమీటర్ల లెన్సు 130 గ్రాములు, 55-210 లెన్సు 270 గ్రాములు; మూడూ కలిపినా 775 గ్రాములే. సోనీ ఏ7-4 కెమెరాకు 24-70, 70-200 జీఎం (సోనీ మేలిరకం శ్రేణి) రెండో తరం లెన్సులు జత చేస్తే ఆ మూడింటి బరువు సుమారు 2.4 కిలోలు. ఈ రెండు కెమెరాల యజమానులిద్దరూ తమ సామానును "ఒక కెమెరా, రెండు లెన్సులు" అనే చెబుతారు, ఇద్దరూ దుకాణంలో 20 లీటర్ల బ్యాగే చూపించమంటారు. మొదటివారి బ్యాగులో సగం ఖాళీగా ఉండి కెమెరా అటూ ఇటూ దొర్లుతుంది, రెండోవారికి మంచినీళ్ల సీసాకు కూడా చోటు మిగలదు.

ఈ వ్యాసం ఎవరి కోసమో ముందే చెప్పడం మంచిది. అరకు, వంజంగి, అనంతగిరి, గండికోట వంటి చోట్లకు ఒకటి రెండు రోజులు వెళ్లి, అక్కడ రెండు మూడు గంటలకు మించి నడవని వారికి, కెమెరాతో పాటు నీళ్లు, తినడానికి ఏదైనా, ఒక పల్చటి వానకోటు మోసుకెళ్లే వారికి ఇది ఉద్దేశించినది. కొల్లేరులోనో పులికాట్‌లోనో పక్షుల కోసం 150-600 లెన్సు భుజాన వేసుకునే వారి అవసరం వేరు. ఆ తరహా లెన్సు ఒక్కటే రెండు కిలోలకు దగ్గరగా తూగుతుంది, దాని పొడవును బట్టే బ్యాగును వెతకవలసి వస్తుంది.

మొదటి పని: ఏది ఇంట్లో వదిలేయాలో తేల్చుకోవడం

బ్యాగుల ఫోటోలు చూడడం మొదలుపెట్టక ముందే, మీ గత మూడు ప్రయాణాల ఫోటోలను కంప్యూటర్‌లో తెరిచి, ఏ లెన్సుతో ఎన్ని తీశారో లెక్క చూడండి. ప్రతి ఫోటో ఫైలులోనూ లెన్సు వివరం నమోదై ఉంటుంది కాబట్టి ఇది పది నిమిషాల పని. నేను మొదటిసారి ఈ లెక్క చూసుకున్నప్పుడు, ప్రతిసారీ మోసుకెళ్లిన మూడు లెన్సులలో ఒకదానితో రెండేళ్లలో తీసినవి పదకొండు ఫోటోలని తేలింది, వాటిలోనూ నాలుగు హోటల్ గది కిటికీ నుండి తీసినవి. ఆ లెన్సు అప్పటినుండి బీరువాలోనే ఉంటోంది. బ్యాగు పెద్దదైతే వదిలేయవలసిన వస్తువు కూడా "ఉంటే మంచిదేగా" అంటూ లోపలికి చేరుతుంది. అందుచేత సామాను తగ్గించుకోవడం బ్యాగు కొనక ముందే జరగాలి, కొన్న తరువాత జరగదు.

మిగిలిన వాటిని ఒక చాప మీద పరచి, వంటింట్లో వాడే తూకం మీద ఒక్కొక్కటిగా తూచి కాగితం మీద రాసుకోండి. ఛార్జరు, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు, లెన్సు తుడిచే గుడ్డ, ఫిల్టర్లు విడివిడిగా చూస్తే తేలికే, కాని కలిపితే సులువుగా అరకిలో దాటుతాయి. తరువాత ఫోటోగ్రఫీతో సంబంధం లేని సామాను: ఒక లీటరు నీళ్లు కిలో బరువు, దానికి సీసా బరువు అదనం, పులిహోర డబ్బా, వానకోటు, తువ్వాలు, టార్చిలైటు, మందులు కలిపి మరో కిలో. బ్యాగు కూడా ఏమీ తేలికది కాదు. మెత్తలు దట్టంగా వేసి కుట్టిన 20 లీటర్ల కెమెరా బ్యాగు ఖాళీగానే కిలోన్నర దాకా తూగుతుంది, కొన్ని రెండు కిలోలకు చేరువవుతాయి. అన్నీ కూడగా వచ్చిన మొత్తం మీ శరీర బరువులో పదో వంతుకు లోపు ఉంటే రెండు మూడు గంటల నడక హాయిగా సాగుతుంది. 60 కిలోల మనిషికి అది 6 కిలోలు. ఈ హద్దు దాటితే ఇంకా మంచి బ్యాగు కోసం వెతకడం కాదు, చాప మీద ఉన్నవాటిలో ఇంకొకటి తీసేయాలి.

రెండవ పని: దినపత్రిక మీద గీసి చూడడం

తయారీదారులు చెప్పే లీటర్ల లెక్క మోసమని అనను, కాని మనకు కావలసిన సంగతి అందులో ఉండదు. కెమెరా పెట్టే అర బయటి కొలత 26, 22, 14 సెంటీమీటర్లు అనుకుందాం. గుణిస్తే ఎనిమిది లీటర్లు. నాలుగు వైపులా, పైనా కిందా ఒక్కో సెంటీమీటరు మందం మెత్త ఉంటే లోపల మిగిలేది 24, 20, 12 సెంటీమీటర్లు, అంటే 5.8 లీటర్లకు కాస్త తక్కువ. నాలుగో వంతు కంటే ఎక్కువ చోటు మెత్తకే పోయిందన్నమాట, మధ్యలో పెట్టే అడ్డుగోడలు ఇందులో ఇంకా లెక్కలోకి రాలేదు. అందువల్ల వివరాల పట్టికలో "లోపలి కొలతలు" అన్న వరుస కనిపించకపోతే అమ్మేవారిని అడగండి. దుకాణానికి వెళితే టేపు వెంట తీసుకెళ్లి మీరే కొలుచుకోండి.

ఆ లోపలి కొలతతో పాత దినపత్రిక మీద స్కేలు పెట్టి ఒక దీర్ఘచతురస్రం గీయండి. దాని మీద కెమెరాను మీరు ఎక్కువగా వాడే లెన్సు తగిలించి, హుడ్‌ను (లెన్సు ముందు బిగించే ఎండ తొడుగును) వెనక్కి తిప్పి పెట్టి, పక్కన రెండో లెన్సును, బ్యాటరీలను సర్దండి. వస్తువుకూ వస్తువుకూ మధ్య వేలు పట్టేంత సందు వదలాలి, అడ్డుగోడ నిలిచేది అక్కడే. చాలా సందర్భాలలో ఈ దశలోనే తేలిపోతుంది: లెన్సు తగిలించి ఉన్న కెమెరా అడ్డంగా పట్టదు, నిలువుగా పెడితే రెండో లెన్సు పక్కకు రాదు. లెన్సు విప్పి విడిగా పెట్టుకుంటే చోటు సరిపోతుంది గదా అని సర్దిచెప్పుకోకండి. విప్పి పెట్టిన కెమెరా దారిలో ఫోటో తీయదు. తీయవలసినది ఎదురయ్యాక బిగించుకోవాలి, ఈలోగా సెన్సారు మీదికి దుమ్ము చేరుతుంది.

దినపత్రిక చెప్పలేనిది ఒక్కటే, లోతు. కెమెరాను పడుకోబెట్టినప్పుడు దాని ఎత్తు బ్యాగు లోతులోకి వస్తుంది. సోనీ ఏ6400 వంటి చిన్న కెమెరా ఎత్తు 7 సెంటీమీటర్లకు లోపే, ఏ7-4 ఎత్తు 9.6 సెంటీమీటర్లు, అడుగున అదనపు పట్టు బిగించుకుంటే అది ఇంకా పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో 20 లీటర్లన్న మాట ఒక్కటే చూసి నేనొకసారి కొన్న బ్యాగులో పొడవు, వెడల్పు అన్నీ సరిపోయాయి, కాని వెనుక అరలో ల్యాప్‌టాప్ పెట్టగానే మధ్య గోడ ముందుకు ఉబ్బి, కెమెరా ఉన్న వైపు జిప్పు మూసుకోలేదు. ల్యాప్‌టాప్ తీసేస్తే మూసుకునేది. రెండూ పడతాయని వివరాలలో రాసిన మాట నిజమే, ఒకేసారి పడతాయని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇక లీటర్ల మాటకు వస్తే, ఒక్కరోజు నడకకు చిన్న కెమెరా, రెండు లెన్సులు ఉన్నవారికి 15 నుండి 18 లీటర్లు, రాత్రి బస ఉండి ఒక జత బట్టలు కూడా పెట్టుకోవలసిన వారికి 20 నుండి 24 లీటర్లు సరిపోతాయన్నది నా అనుభవం. అంతకు మించినది కొంటే అది చిన్న బ్యాగు అనిపించుకోదు.

మూడవ పని: బ్యాగు ఏ వైపు తెరుచుకోవాలో నిర్ణయించుకోవడం

నా దృష్టిలో ఎంపిక మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దుకాణంలో ఎవరూ సరిగా పట్టించుకోనిదీ ఇదే.

కొన్నేళ్ల కిందట నవంబరులో మేం నలుగురం వంజంగి కొండకు వెళ్లాం. పాడేరు దగ్గరి ఆ కొండ మీద శీతాకాలపు తెల్లవారుజామున మేఘాలు కాళ్ల కింద పాలసముద్రంలా పరుచుకుంటాయి కాబట్టి, అందరూ చీకట్లోనే టార్చిలైట్లు పట్టుకుని ఎక్కుతారు. నా బ్యాగు ముందు వైపు తెరుచుకునేది, అంటే వీపుకు ఆనే వైపు కాకుండా దానికి ఎదుటి వైపు జిప్పు ఉన్నది. పైకి చేరాక లెన్సు మార్చడానికి దాన్ని నేల మీద పడుకోబెట్టాను. పడుకోబెట్టడమంటే స్ట్రాపులు, వీపు మెత్త నేలకు ఆనడం. గడ్డి నిండా మంచు నీరు, గడ్డి కింద ఎర్రమట్టి. సూర్యుడు పైకి వచ్చి మేఘాలకు రంగు పట్టేసరికి ఫోటోలు తీసుకుని, బ్యాగు తిరిగి వీపుకు తగిలించుకున్నాను. చల్లటి తడి చొక్కా దాటి వీపుకు తగిలింది, దిగేదాకా అది ఆరలేదు. స్ట్రాపుల మీద ఎర్రమట్టి మరక మూడు ఉతుకుల తరువాత కూడా పూర్తిగా పోలేదు.

వీపు వైపు తెరుచుకునే బ్యాగుకు ఈ బాధ లేదు. దాన్ని నేల మీద పెడితే మట్టి అంటేది బయటి ముఖానికి. వీపుకు తగిలే భాగం ఆకాశం వైపు ఉంటుంది. గట్టి నడుము బెల్టు ఉంటే అసలు కింద పెట్టవలసిన పనే ఉండదు: స్ట్రాపుల నుండి రెండు చేతులూ బయటికి తీసి, బెల్టు విప్పకుండానే బ్యాగును నడుము చుట్టూ ముందుకు తిప్పితే, అది పొట్ట మీద బల్లలా నిలుస్తుంది, మూత తెరిచి నిలబడే లెన్సు మార్చుకోవచ్చు. బురదలో, బొర్రా గుహల తడి నేల మీద, పడవలో ఇది ఎంత ఉపయోగమో చేసి చూస్తే గాని తెలియదు. దీనికి ఇంకో లాభం ఉంది. జిప్పు వీపుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి, మేడారం జాతర వంటి జనసమ్మర్దంలో వెనుక నుండి ఎవరూ దాన్ని తీయలేరు. లోపం ఏమిటంటే, నడుస్తూ నడుస్తూ కెమెరా బయటికి తీయడానికి ఇది అనువు కాదు.

అటువంటి అవసరం ఉన్నవారికి పక్క వైపు జిప్పు ఉన్న బ్యాగు మేలు. ఒక భుజం నుండి స్ట్రాపు జార్చి, బ్యాగును చంక కింద నుండి ముందుకు లాగి, పక్క జిప్పు తీసి కెమెరా పైకి లాగవచ్చు. కాస్త అలవాటైతే పది సెకన్లు చాలు. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మీరు అలవాటుగా ఏ భుజం నుండి స్ట్రాపు తీస్తారో, ఆ కదలికకు జిప్పు పైవైపు వస్తుందా, కింది వైపు వస్తుందా అన్నది దుకాణంలోనే చేసి చూడండి. ఎడమచేతి వాటం వారికి చాలా బ్యాగులు తిరగబడతాయి. రెండవది, పక్క జిప్పు సగం తెరిచి మరచిపోయి బ్యాగు ఎత్తితే కెమెరా నేరుగా నేల మీద పడుతుంది. జిప్పు లోపలి వైపు అడ్డంగా ఒక చిన్న పట్టీ, దానికి బకిల్ ఉన్న రకం దొరికితే దాన్నే ఎంచుకోండి. లేకపోతే, మూసే దాకా బ్యాగును భుజానికి ఎత్తకూడదని మీకు మీరే నియమం పెట్టుకోవాలి, పొద్దున నాలుగింటికి నిద్రమత్తులో ఆ నియమం ఎంతవరకు నిలుస్తుందో మీకే తెలుసు.

పైన చుట్టి బిగించే బ్యాగులు ఫోటోలలో అందంగా ఉంటాయి, బట్టలు ఎక్కువైనా తక్కువైనా సర్దుకుంటాయి. కెమెరాకు ఆ దారి ఒక్కటే ఉంటే మాత్రం వద్దు, పక్కనో వెనుకనో మరో జిప్పు తప్పకుండా ఉండాలి.

నాలుగవ పని: వీపు కొలత, అయిదు సీసాల పరీక్ష

తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకు వస్తుంది. అక్కడి నుండి, రెండు చేతులూ నడుము ఎముకల మీద పెట్టుకున్నప్పుడు బొటనవేళ్లు వీపు మీద కలిసే గీత దాకా ఉన్న దూరమే మీ వీపు కొలత. ఇంట్లో ఎవరి చేతనైనా టేపుతో కొలిపించుకోండి. చిన్న కెమెరా బ్యాగులు సాధారణంగా ఒకే సైజులో వస్తాయి కాబట్టి సర్దుబాటు మీ చేతిలో ఉండదు. స్ట్రాపులు కుట్టిన చోటి నుండి బెల్టు దాకా ఉన్న పొడవును ఈ కొలతతో పోల్చుకోవాలి. పొడవు ఎక్కువైతే బెల్టు పిరుదుల మీదికి జారుతుంది, తక్కువైతే పొట్టను నొక్కుతుంది. రెండు సందర్భాలలోనూ బరువంతా భుజాల మీదే పడుతుంది.

ఖాళీ బ్యాగు ఎవరికైనా సుఖంగానే ఉంటుంది. అందుకని దుకాణానికి వెళ్లేటప్పుడు మీ సామానే తీసుకెళ్లండి, మొహమాటం అనిపిస్తే లీటరు నీళ్ల సీసాలు అయిదు తీసుకెళ్లండి. అవి సుమారు అయిదు కిలోలు, అడుగున తువ్వాలు పెట్టి నింపితే చాలు. వేసుకుని కనీసం పావుగంట తిరగండి, వంగి బూట్ల లేసులు కట్టుకోండి, మెట్లుంటే ఎక్కి దిగండి. స్ట్రాపు అంచు మెడ పక్కన గీసుకుంటుందా, చంకలో ఒరుసుకుంటుందా అని గమనించండి. రొమ్ము మీద రెండు స్ట్రాపులను కలిపే చిన్న బెల్టు పైకీ కిందికీ జరిగేదిగా ఉండాలి. స్త్రీలకు ఇది మరీ అవసరం, దాన్ని ఒకేచోట కుట్టేసిన బ్యాగులు ఇప్పటికీ అమ్ముతున్నారు. అలిపిరి మెట్లలా వేల మెట్లు ఎక్కేటప్పుడు, ఈ చిన్న బెల్టే స్ట్రాపులు భుజాల నుండి బయటికి జారకుండా ఆపుతుంది. (ఆలయంలోకి కెమెరాలను అనుమతించరు కాబట్టి, ఆ నడకకు కెమెరా బ్యాగు తీసుకెళ్లాలా అన్నది వేరే ఆలోచించుకోవలసిన విషయం.)

నడుము బెల్టు గురించి అతిగా ఆలోచించనవసరం లేదు. మొత్తం బరువు అయిదు కిలోలకు లోపు ఉంటే, బ్యాగు ఊగకుండా ఆపే సన్నటి పట్టీ సరిపోతుంది. ఆపైన, లేదా పొట్ట మీదికి తిప్పి వాడే పద్ధతి కావాలంటే, మెత్త ఉన్న వెడల్పు బెల్టు కావాలి.

మన ఎండల్లో వీపు చెమట పట్టక తప్పదు. వీపుకూ బ్యాగుకూ మధ్య గాలి ఆడేలా వల బిగించిన బ్యాగులు ట్రెక్కింగ్ దుకాణాలలో కనిపిస్తాయి, అవి నిజంగానే చల్లగా ఉంటాయి. కాని ఆ వల కోసం వెనుక చట్రం వంపు తిరుగుతుంది, లోపలి చోటు అర్ధచంద్రాకారమవుతుంది, కెమెరా అర పెట్టడానికి అది కుదరదు. మధ్యలో కాలువలు వదిలిన మెత్త ఉంటే దానితో సరిపెట్టుకోండి. దాని వెనుక బట్టకు నీరు పీల్చని పూత ఉందో లేదో మాత్రం చూడండి. రెండు గంటల చెమట లోపలికి ఊరితే మొదట తగిలేది ల్యాప్‌టాప్‌కు, తరువాత కెమెరాకు.

అయిదవ పని: వేళ్లతో పరీక్షించడం

బట్ట గురించి వివరాలలో కనిపించే "డెనియర్" అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. 210 నుండి 420 డెనియర్ల నైలాన్ మన అవసరానికి చాలు. 1,000 డెనియర్లది రాళ్ల మీద ఈడ్చినా తట్టుకుంటుంది, కాని ఆ బరువు మీరు మోయాలి. భువనగిరి కోట వంటి నీడ లేని బండ మీద నల్ల బ్యాగు ఎంత వేడెక్కుతుందో తెలిసినవారు బూడిద రంగుకో ఖాకీకో మొగ్గుతారు.

అడుగుభాగాన్ని ప్రత్యేకంగా చూడండి. ఒక చేతి బొటనవేలు బ్యాగు లోపల, రెండో చేతి చూపుడు వేలు బయట పెట్టి అడుగును గట్టిగా నొక్కండి. లోపలి వేలికి బయటి వేలు స్పష్టంగా తెలిస్తే ఆ మెత్త పనికిరాదు. బ్యాగుకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఎత్తు నుండి పడినప్పుడు కాదు, అలసిపోయి బండ మీద కాస్త గట్టిగా దించినప్పుడు. ఆ దెబ్బ అడుగుకే తగులుతుంది. మెత్తను నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. మెల్లగా లేచేది, స్పాంజిలా మెత్తగా ఉండేది ఏడాదిలో అణిగిపోతుంది, పైగా నీరు పీల్చుకుంటుంది.

జిప్పును రెండు చేతులతో కాక ఒక చేత్తో, బ్యాగు నిండుగా ఉన్నప్పుడు, మూల తిరిగే దగ్గర లాగి చూడండి. అక్కడ మొరాయించేది చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు అసలే కదలదు. జపాన్‌కు చెందిన వైకేకే పేరు జిప్పు మీద ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. రబ్బరులా మెరిసే పూత ఉన్న జిప్పులు చినుకులను ఆపుతాయి, వానను ఆపవు. బిగువుగా కూడా ఉంటాయి.

వాన కవరు విడిగా తీయగలిగేదిగా ఉండాలి. బ్యాగుకే కుట్టేసిన కవరును తడిగా ఉండగానే మడిచి అడుగు అరలో దూర్చేస్తాం, అది అక్కడే ముక్కిపోతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు: కవరు వీపు వైపును కప్పదు. పెద్ద వానలో మెడ మీద నుండి జారిన నీరు వీపు మెత్త గుండా లోపలికి చేరుతుంది. తలకోన జలపాతం దగ్గర తుంపర్లలో నిలబడినా అంతే. కాబట్టి కవరు ఎంత మంచిదైనా, కెమెరా పట్టేంత పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి మడిచి లోపల ఉంచుకోండి.

విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారికి మరో మాట. బట్ట లోపలి వైపు వేసే పాలీయురెథేన్ పూత తేమకు కొన్నేళ్లలో జిగటగా మారి, పొరలుగా రాలుతుంది. పాత సరుకు తగ్గింపు ధరకు దొరికినప్పుడు లోపలి వైపు వేలితో రుద్ది, ముక్కు పెట్టి చూడండి. పుల్లటి వాసన వస్తే ఎంత చవకైనా వద్దు. అలాగే ప్రయాణం నుండి వచ్చాక కెమెరాను ఆ బ్యాగులోనే దాచకండి. మెత్తలు తేమను పట్టి ఉంచుతాయి, ఆ చీకటిలో లెన్సుకు బూజు పడుతుంది. గాలిలో తేమ 40 నుండి 50 శాతం మధ్య ఉండేలా సర్దిన మూత డబ్బాలోనో డ్రై క్యాబినెట్‌లోనో ఉంచాలి.

ఆరవ పని: మీ ప్రయాణ సాధనానికి సరిపోల్చడం

దేశీయ విమానాలలో ఎకానమీ ప్రయాణికులకు చేతి సామాను సాధారణంగా 7 కిలోలు, పరిమాణం 55, 35, 25 సెంటీమీటర్ల దరిదాపుల్లో. 20 లీటర్ల బ్యాగు పరిమాణంలో ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు, బరువులోనే పెడుతుంది. కిలోన్నర బ్యాగుకూ రెండు కిలోల బ్యాగుకూ మధ్య ఉన్న అరకిలో తేడా అక్కడ ఒక లెన్సుతో సమానం. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సామానులోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో పెట్టకూడదు; ఒక్కొక్కటి 100 వాట్-అవర్లకు మించకుండా ఉంటే ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లే కాబట్టి ఫరవాలేదు. కడప వంటి చోట్లకు నడిచే చిన్న ఏటీఆర్ విమానాలలో పై అరలు ఇరుకు, అక్కడ సన్నటి బ్యాగుదే లాభం.

బస్సుకు నా లెక్క వేరు. ఆర్టీసీ బస్సులో పై అర మీద పెట్టిన కెమెరా ఘాట్ రోడ్డు పొడవునా అదురుతూనే ఉంటుంది కాబట్టి నేను ఒళ్లోనే పెట్టుకుంటాను. బ్యాగు మందం 18 సెంటీమీటర్లు దాటితే ముందు సీటుకు, గడ్డానికి మధ్య అది ఇరుక్కుంటుంది. కొనే ముందు కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని చూడడం ఎవరికీ తట్టదు, కాని విశాఖపట్నం నుండి పాడేరు దాకా ఉన్న ప్రయాణంలో సగభాగం అలాగే గడుస్తుంది.

ట్రైపాడ్‌ను పక్కన కట్టుకునేలా అడుగున జేబు, పైన పట్టీ ఉండాలి. నీళ్ల సీసా ఎదుటి పక్కకు వెళితే బరువు సమంగా ఉంటుంది. సీసా జేబు సీసా ఎత్తులో సగమైనా లోతు లేకపోతే, కెమెరా కోసం వంగిన ప్రతిసారీ సీసా కొండ దొర్లుతుంది. సీసాను కెమెరా అరలో మాత్రం ఎంత బిగుతు మూత ఉన్నా పెట్టవద్దు.

ఇంతవరకూ చదివి, మీ దగ్గర ఇప్పటికే వీపుకు చక్కగా కుదిరిన మామూలు ట్రెక్కింగ్ బ్యాగు ఉందని గుర్తొస్తే, కెమెరా బ్యాగు కొనడం మానుకోవచ్చు. మెత్తటి గోడలు, అడ్డుగోడలు ఉన్న విడి కెమెరా అరలు తక్కువ ధరకే దొరుకుతాయి. దినపత్రిక మీద గీసిన కొలతకు సరిపోయేది ఒకటి కొని ఆ బ్యాగులో దించితే చాలు. కెమెరా తీయడం కాస్త ఆలస్యమవుతుంది. కాని ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలకు మించి చేయని వారికి నేను మొదట సూచించేది ఇదే, పైగా చూసేవారికి అది కెమెరా బ్యాగు అని తెలియదు.

చివరి పని: చీటీ తెంచక ముందు, తెంచిన తరువాత

బ్యాగు ఇంటికి వచ్చాక ధర చీటీ తెంచకుండా, చాప మీద పరచిన సామానంతా నింపండి. రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే అడ్డుగోడలు జరపాలి, జరిపినా ఆగకపోతే బ్యాగు పెద్దది. తరువాత అపార్ట్‌మెంటు మెట్ల మీద, మేడ మీద, గట్టు మీద, దుమ్ములేని చోట ఎక్కడైనా సరే, గంటసేపు ఆగకుండా నడవండి. మధ్యమధ్య కెమెరా తీసి, ఒక ఫోటో తీసి, తిరిగి పెట్టి జిప్పు మూయండి. అలా పదిసార్లు చేయండి. పదోసారికి కూడా చేతులు తడుముకుంటుంటే ఆ బ్యాగు మీ చేతికి కుదరలేదు. భుజాల మీద ఎర్రటి గీతలు పడ్డాయేమో అద్దంలో చూసుకోండి. వాపసు గడువు ముగియక ముందే ఇదంతా పూర్తి కావాలి, ఎందుకంటే అసలు ప్రయాణం దాకా ఆగినవారికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అన్నీ కుదిరాయనుకున్నాకే చీటీ తెంచి, నీటి పరీక్ష చేయండి. తడిసిన బ్యాగును ఎవరూ వెనక్కి తీసుకోరు. కెమెరా సామానంతా బయట పెట్టేసి, మొదట కొలతకు వాడిన ఆ పాత దినపత్రికనే ఉండలు చుట్టి, అరలన్నీ నింపి, వాన కవరు తొడిగి, స్నానాలగదిలో బ్యాగును వీపుకు తగిలించుకుని నిలబడి, తల మీద నుండి నాలుగు చెంబుల నీళ్లు పోసుకోండి. పది నిమిషాల తరువాత కాగితపు ఉండలు ఒక్కొక్కటిగా తీసి చూస్తే నీరు ఎక్కడ నుండి చొరబడుతుందో తెలుస్తుంది, సాధారణంగా అది వీపు మెత్త పై అంచు దగ్గరో, పక్క జిప్పు కింది మూలలోనో ఉంటుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, వర్షాకాలంలో అక్కడ లెన్సు కాకుండా తువ్వాలు సర్దుకోండి.